వెనక మనుషులున్నారు

ఆగస్టు 19

ఈ డైరీ చేపల మేత కంపెనీ వాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. ప్రతి పేజీ మూలనా ఒక కట్ల చేప బొమ్మ ఉంటుంది. ఇన్నాళ్లూ మా అమ్మాయి కెజియా ఆ చేపలకి మీసాలు గీసుకుంటూ కూర్చుంది. ఇవాళ్టి నుంచి నేను రాస్తాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు, అందుకని ఇక్కడ.

బస్సు మలుపు తిప్పాను. వెనక మనుషులు కదిలారు. అంతే.

తాడేపల్లిగూడెంలో పాత ఏరోడ్రోము రన్‌వే మీద శేషగిరిరావు గారు హెవీ డ్రైవింగ్ నేర్పుతారు. ఒకళ్లం స్టీరింగ్ దగ్గర కూర్చుంటే మిగతావాళ్లు వెనక సీట్లలో కూర్చోవాలి. అది ఆయన పద్ధతి. పెళ్లికాకముందు నుంచీ నేను ఏలూరు ఐసు ఫ్యాక్టరీ బొలేరో నడుపుతున్నాను. ఐసు దిమ్మలు మనం ఎటు తిప్పితే అటు వస్తాయి, నోరెత్తవు. ఇవాళ ఎడమకి కాస్త వేగంగా తిప్పేసరికి వెనకున్న వాళ్లంతా ఒక్కసారిగా కుడికి ఒరిగారు. ఎవరో "ఓయ్" అన్నారు, ఎవరో నవ్వారు. వాళ్లు ఒరిగిన సంగతి నా వీపుకి తెలిసింది. ఇంతమంది నా చేతి కింద ఉన్నారా అనిపించింది. బ్రేకు తొక్కేశాను. కాలు మళ్లీ పైకి రాలేదు.

"ఏమైందండీ వెస్లీ గారూ?" అన్నారు శేషగిరిరావు గారు.

"కుక్క అడ్డం వచ్చిందండి."

ఆయన రన్‌వే అటు చివర నుంచి ఇటు చివరదాకా చూశారు. కుక్క కాదు కదా, కాకి కూడా లేదు. నన్ను దింపి ఇంకొకాయన్ని ఎక్కించారు.

ఆగస్టు 20

గూడ్సే. సరుకు బండే. నిర్ణయం అయిపోయింది.

ఆగస్టు 24

ఆదివారం. గుడిలో పాస్టరు గారు ప్రయాణాల్లో ఉన్నవాళ్ల కోసం ప్రార్థన చేశారు. నేను కళ్లు మూసుకోలేదు.

సంగతి ఏమిటంటే, దసరా వెళ్లాక ఐసు ఫ్యాక్టరీ మూసేస్తున్నారు. ఆ స్థలంలో ఫంక్షన్ హాలు వస్తుందట. ఈ లోపు నేను హెవీ లైసెన్సు తెచ్చుకోవాలి. ఎల్.ఎల్.ఆర్. వచ్చేసింది. ఇక ముందు రెండు దారులు. ఒకటి, చేపల లారీ. కొల్లేటి చెరువుల్లో పట్టిన చేపల్ని ఐసులో పెట్టి హౌరాకి తోలడం. మా బావమరిది అనిల్ కుమార్ అదే పని చేస్తున్నాడు, తన ఓనరుతో మాట్లాడి పెట్టాడు. రెండోది, ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే ఆర్టీసీ అద్దె బస్సు. దాని ఓనరు గంగాధరరావు గారు మా ఆవిడ స్నేహలతకి టైలరింగ్ షాపులో తెలుసు. ఆయన భార్య జాకెట్లు ఈవిడే కుడుతుంది.

లారీకి అయితే గూడ్స్ పరీక్ష. బస్సుకి అయితే ప్యాసింజర్ పరీక్ష, పైన బ్యాడ్జి. శేషగిరిరావు గారు మొన్ననే అడిగారు, "ఏది రాయమంటారండీ?" అని. రెండూ రాయించుకోవచ్చు కదండీ అన్నాను. "కాగితం మీద రెండూ ఉండచ్చండి. చెయ్యి మాత్రం ఒకదానికే అలవాటు పడుతుంది. నేను నేర్పేది ఒకటే" అన్నారు. తొందర లేదు, చెప్పండి అన్నారు.

స్నేహ మాత్రం బస్సే అంటోంది. "ఏవండీ, బస్సయితే రోజూ సాయంత్రానికి ఇంట్లో ఉంటారు కదండీ. అనిల్ చూడండి, వాడి కొడుకు వాణ్ణి చూసి ఎవరో చుట్టం వచ్చాడనుకుంటున్నాడు."

నిజమే. కానీ చేపలు ఒరగవు. అది నేను స్నేహకి చెప్పలేదు.

ఆగస్టు 27

స్నేహకి చెప్పాను, ప్యాసింజర్ బ్యాడ్జికి నా ఎత్తు సరిపోదట అని. పాపం, నమ్మింది.

ఆగస్టు 29

నమ్మలేదు. శేషగిరిరావు గారికి ఫోన్ చేసింది.

"మీ ఎత్తు శుభ్రంగా సరిపోతుందంటండీ" అంది, అన్నం పెడుతూ. అంతకుమించి ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది. పులుసులో ఉప్పెక్కువైందన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

సెప్టెంబరు 2

అనిల్ వచ్చాడు. నిన్ననే హౌరా నుంచి దిగాడట. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే గోడకి ఆనుకుని మాట్లాడాడు.

"ఐసు కరిగిపోతుంటే ఆగడం ఎక్కడ కుదురుతుంది బావా. బాలాసోర్ దగ్గర టోల్‌గేటు దాటింది గుర్తుంది. ఆ తరవాత వంతెన గుర్తుంది. ఆ రెండిటి మధ్యా ఎలా వచ్చానో గుర్తులేదు." నవ్వాడు. "బండే వచ్చేసింది."

స్నేహ గిన్నెలు కడుగుతూ ఆగిపోయింది. "ఒరే, అది నవ్వుతూ చెప్పే మాటేనా?" అంది.

"నిద్దరొస్తే ఏంటక్కా, వెనక ఉన్నది చేపలే కదా."

నేనూ నవ్వాను. తరవాత ఆలోచించాను. వెనక చేపలే, సరే. ఎదర వచ్చేవాళ్లో? ఆ మాట అప్పుడు అడగలేదు. ఇప్పుడు ఇక్కడ రాసి పెట్టాను, మళ్లీ చదవను.

గూడ్సే.

సెప్టెంబరు 6

రన్‌వే మీద ఇవాళ శేషగిరిరావు గారు కొత్త సంగతి చెప్పారు. శిక్షణ ఆఖరి రోజు బస్సు నేర్చుకునేవాళ్లంతా తమ ఇంట్లోవాళ్లని తీసుకురావాలట. వాళ్లని బస్సు చివరి సీటులో కూర్చోబెట్టి రోడ్డు మీద నడపాలట.

"చివరి సీటే ఎందుకండీ?" అని ఒకాయన అడిగాడు.

"కుదుపు ఎక్కువ తెలిసేది అక్కడేనండి. పరీక్ష ఇన్‌స్పెక్టరు గారు పెడతారు, అది వేరు. నా పరీక్ష ఇది. చివరి సీటులో మనిషికి కునుకు పట్టిందా, డ్రైవరు పాసు. సొంత మనుషుల్ని ఎక్కించుకోలేనివాడు ఊళ్లోవాళ్లని ఎక్కించుకోకూడదండి." ఆయన ముప్పై ఏళ్లు ఆర్టీసీలో చేసి రిటైరయ్యారు. ఏ మాటైనా మెల్లగా, అండీ పెట్టే అంటారు. అందుకే ఇంకా భయం వేస్తుంది.

"మరి లారీ వాళ్లకండీ?" అన్నాను.

"లారీ వాళ్లకి ఈ బాధ లేదండి" అని నా వైపు చూశారు. ఆ కుక్కని మర్చిపోలేదు ఆయన.

సెప్టెంబరు 7

కెజియాకి ఎలా తెలిసిందో తెలిసిపోయింది. "నాన్నా, నేను చివరి సీటులో కిటికీ పక్కన" అంటోంది. ఆ పిల్లకి బస్సెక్కితే చాలు, నోరు ఆగదు, కాలు ఆగదు, సీటు మీద నిలబడుతుంది. మలుపులో నిలబడి ఉంటే?

సెప్టెంబరు 8

మలుపులో నిలబడి ఉంటే?

సెప్టెంబరు 11

శేషగిరిరావు గారికి చెప్పాను, ఆఖరి రోజుకి మా వాళ్లు రాలేరండీ, ఇంట్లో ఆవిడకి జ్వరం అని. ఆయన విన్నారు. "ఆఖరి రోజుకి ఇంకా చాలా టైముంది కదండీ. ఇప్పటి నుంచే జ్వరమా?" అన్నారు. పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

తిరిగొస్తూ రైల్లో ఉల్లిపాయల బస్తాల మధ్య నిలబడ్డాను. గూడెం మార్కెట్ వాసన ఏలూరు దాకా వచ్చింది. రైలు డ్రైవరు వెనక ఎంతమంది ఉంటారు? ఆయనకి తెలియదు కదా, చూడడు కదా. మనకి అద్దంలో కనబడతారు. అదీ నా బాధ.

సెప్టెంబరు 14

స్నేహకి జ్వరం లేదు. ఎందుకు లేదు అనిపించింది ఒక క్షణం. ఛీ.

సెప్టెంబరు 17

ఇవాళ బస్సులో కైకలూరు వెళ్లి వచ్చాను. రూటు చూద్దామని. స్నేహకి చెబితే సంతోషపడింది, అందుకని అసలు కారణం చెప్పలేదు. నిజానికి ఎందుకు వెళ్లానంటే, ఇది కష్టం, నా వల్ల కాదు అని నాకు నేను చెప్పుకోవడానికి కారణాలు ఏరుకురావడానికి.

కారణాలు బోలెడు దొరికాయి. ఆడవాళ్లకి టికెట్ లేదు కదా, బస్సు కిక్కిరిసి ఉంది. మెట్ల మీద దాకా మనుషులే. కొల్లేటి మధ్యలో రోడ్డు సన్నగా ఉంది, రెండు వైపులా చెరువులే. చేపల వ్యాన్ల నుంచి ఐసునీళ్లు కారి తారు నల్లగా మెరుస్తోంది. నేనిన్నాళ్లూ బొలేరోలో వెళ్లింది ఈ రోడ్డు మీదే. ఎప్పుడూ ఇంత సన్నగా లేదు.

డ్రైవరు ఒక చేత్తో గేరు వేస్తూ ఇంకో చేత్తో కండక్టరుకి కిళ్లీ అందించాడు. వెనక ఒక ముసలావిడ నిద్రపోతోంది. ఎంత ధైర్యం ఆవిడకి.

సెప్టెంబరు 21

వాన. రెండు రోజులుగా ఒకటే వాన. తమ్మిలేరు నిండుగా పోతోంది.

శేషగిరిరావు గారికి ఫోన్ చేసి గూడ్స్ అని చెప్పేశాను. "అలాగేనండి" అన్నారు. "రాసేయమంటారా?" అన్నారు. రాయండి అన్నాను. "అయితే వచ్చేవారం రాస్తానండి, ఈ లోపు మనసు మారితే చెప్పండి" అన్నారు. మనసు మారదండీ అన్నాను. చాలా గట్టిగా అన్నాను. ఆయన ఫోను చెవి నుంచి పక్కకి జరుపుకుని ఉంటారు.

ప్రాణం తేలికపడింది. స్నేహకి రేపు చెప్తాను.

సెప్టెంబరు 22

రేపు చెప్తాను.

సెప్టెంబరు 24

అనిల్ ఫోన్. "బావా, ఎల్లుండి లోడుంది. నాతో రా, హౌరా దాకా చూసొద్దువు గాని. ఓనరు కూడా నీ చెయ్యి చూస్తానన్నాడు." సరే అన్నాను. స్నేహకి ఇప్పుడు చెప్పక తప్పలేదు.

ఆమె కెజియా గౌను అంచు కుడుతోంది. దారం తెంపి అంది, "మీ ఇష్టమండీ. భయపడి తీసుకోకండి, అంతే."

ఎవరు భయపడింది? నేనా? కోపం వచ్చింది. అన్నం మధ్యలో లేచాను.

సెప్టెంబరు 26

రాయలేను.

సెప్టెంబరు 27

ఏమీ జరగలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ముందు అది రాసుకుంటే మంచిది.

నిన్న పొద్దున్నే అనిల్ లారీలో ఐసు, ఖాళీ ట్రేలు వేసుకుని వాళ్ల ఊరు వెళ్లాం. కొల్లేటి లంక ఊరు అది, స్నేహ పుట్టిల్లు. చెరువులో చేపల పట్టుబడి మొదలైంది. వలలు లాగుతుండగానే మళ్లీ వాన. సగం చెరువు పట్టేసరికి ఆపేశారు. సగం లోడుతో బయల్దేరాం. అప్పటికే ఏలూరు రోడ్డు మీదికి కొల్లేటి నీళ్లు ఎక్కేశాయి.

నీటి అంచున కైకలూరు నుంచి వచ్చే బస్సు ఆగి ఉంది. డ్రైవరు కొత్తవాడు, నేను పోనివ్వనండి అంటున్నాడు. తప్పు లేదు. జనం అంతా దిగి గొడుగుల కింద నిలబడ్డారు, ఎక్కువ ఆడవాళ్లే. మా లారీ ఎత్తు కదా. అనిల్ని చూడగానే అందరూ చుట్టూ మూగారు. "అనిలూ, మమ్మల్ని దాటించరా నాయనా." ఊళ్లో అందరూ వాడికి వరసలే. వాడు వెనక తలుపు తీశాడు. చేపల ట్రేలు ముందుకి జరిపి ఎక్కించేశాడు.

"అనిల్, ఇది గూడ్స్ బండి" అన్నాను.

"ఇక్కడ గూడ్స్ బండంటే మనుషులెక్కేదే కదా బావా. పట్టుబడోళ్లని రోజూ దేంట్లో దింపుతున్నాననుకున్నావు?"

అప్పుడే దిగిపోవలసింది. దిగలేదు. ఎందుకంటే వాడు అప్పటికే ప్యాంటు మడిచి, వెదురు కర్ర తీసుకుని నీళ్లలోకి దిగాడు. ఇక్కడి పద్ధతి అది. రోడ్డు మునిగితే ఒకడు కర్రతో తారు తడుముతూ ముందు నడుస్తాడు, బండి అతని వెనక వెళ్తుంది. దారి అనిల్‌కి తెలుసు. అంటే స్టీరింగ్ నాది.

"నా వీపు చూస్తా వచ్చెయ్ బావా. ఎర్రగుడ్డల మధ్యలోంచే" అన్నాడు.

రోడ్డుకి రెండు వైపులా కర్రలు పాతి ఎర్రగుడ్డలు కడతారు, అంచు తెలియడానికి. నీళ్ల మీద అవి కనబడుతున్నాయి. ఫస్టు గేరులో వెళ్లాను. అంతా నీళ్లే. రోడ్డు ఏది, చెరువు ఏది, ఆకాశం ఏది. వెనక ఎవరో ప్రార్థన చేస్తున్నారు, ఎవరో పిల్లని తిడుతున్నారు. ప్రతి చిన్న కుదుపుకీ వాళ్లు అటూ ఇటూ అవుతుంటే నా వీపుకి తెలుస్తోంది. లారీలో కూడా తెలుస్తుంది. చేపలతో పాటు వాళ్లూ నా వెనకే ఉన్నారు.

అనిల్ మోకాళ్ల లోతులో నడుస్తున్నాడు. తరవాత తొడల లోతు. ఎర్రగుడ్డలు తిన్నగా ముందుకి పోతున్నాయి. వాడు తిన్నగా పోతున్నాడు. నీళ్లు నడుముకి వచ్చాయి.

ఆపేశాను.

వాడు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. "రా బావా, రా రా!" వెనక ఆడవాళ్లు కూడా, "ఎందుకాపారు బాబూ, పోనివ్వండి" అంటున్నారు. నేను కాలు తీయలేదు. తీయలేకపోయాను అని రాయాలి. రన్‌వే మీద ఆ రోజు ఎలాగో అలాగే. ఒళ్లంతా బ్రేకు మీదే ఉంది. అనిల్ ఏదో తిట్టి ఇంకొక అడుగు వేశాడు. మెడదాకా మునిగిపోయాడు. కర్ర తేలిపోయింది.

వెనక ఒక్క కేక.

వాడికి ఈత వచ్చు, గట్టు పట్టుకుని పైకి వచ్చాడు. కానీ అప్పుడు అర్థమైంది, మేము రోడ్డు మీద లేము. రోడ్డు వెనకాల ఎక్కడో ఎడమకి తిరిగిపోయింది. అక్కడి కర్రలు కొట్టుకుపోయాయి. మేము వచ్చింది కొత్తగా తవ్విన చేపల చెరువు గట్టు మీదికి. గట్టు మెత్తగా ఉంటుంది. ముందు చక్రం కింద అది కుంగుతున్నట్టు అనిపించింది. నిజంగా కుంగిందో నా భయమో తెలియదు. ఇప్పటికీ తెలియదు.

వెనక్కి రావాలి. అద్దంలో నీళ్లు తప్ప ఏమీ లేదు.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వినబడింది. సుగుణమ్మ గారని, మా అత్తగారి గుడిలో పెద్దావిడ. "అందరూ కింద కూర్చోండే. ఎవరూ కదలకండి. డ్రైవరు గారు ఎనక్కి తీత్తన్నారు."

నన్ను ఎవరూ అంతకుముందు డ్రైవరు గారు అనలేదు. వెస్లీ, ఐసు వెస్లీ, అంతే.

ఆవిడ వెనక తలుపు దగ్గర నిలబడి చెప్పింది. "కొంచెం ఇటు... ఆ, రండి... ఆగండి బాబూ, ఆగండి... ఇప్పుడు రండి." నేను అంగుళం అంగుళం తీశాను. ఈసారి వెనకవాళ్లు కదల్లేదు. ఊపిరి కూడా పీల్చలేదేమో. అంతమంది నిశ్శబ్దంగా, ఏమాత్రం ఒరగకుండా కూర్చున్న బరువు నా వీపుకి తెలిసింది. అది మొదటి దానికంటే భయంగా ఉంది. అరిచినా బాగుండేది.

చక్రాల కింద తారు తగిలింది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఆపకుండా అలాగే మెల్లగా వెనక్కి, బస్సు ఆగిన చోటికి వచ్చేశాం.

అందరూ దిగారు. ఎవరి గొడుగులు వాళ్లు వెతుక్కున్నారు. సుగుణమ్మ గారు నా తలుపు దగ్గరికొచ్చి, "బాగా భయంగా నడిపారు బాబూ" అని వెళ్లిపోయింది. పొగడ్తో తిట్టో నాకు తెలియలేదు.

అనిల్ చెట్టు కింద కూర్చుని వణుకుతున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చొక్కా పిండుకుంటూ వాడు అన్నాడు.

"ఆ ఎర్రగుడ్డలు కట్టింది నేనే బావా."

"ఏ గుడ్డలు?"

"గట్టు మీదయి. ఎండాకాలంలో. మా చిన్నాన్న చెరువది. నీటికాకులు పడి చేపపిల్లలన్నీ తినేస్తన్నాయని, బెదురుతాయని నేనే కట్టాను. నా చేత్తోనే కట్టి మర్చిపోయాను." ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. వాడు ఏడవడం నేను చూడలేదెప్పుడూ, స్నేహ పెళ్లిలో కూడా.

సెప్టెంబరు 28

ఏమీ జరగలేదు.

సెప్టెంబరు 29

నీళ్లు తీశాక ఆ లారీ హౌరా వెళ్లింది. అనిల్ వెళ్లాడు. ఐసు కరిగి ఓనరు నానా మాటలూ అన్నాడట, అయినా వెళ్లాడు. నన్ను రమ్మన్నాడు. కడుపునొప్పి అన్నాను. వాడు వాదించలేదు. "రాకపోతేనే మంచిదిలే బావా" అన్నాడు. ఇప్పటికీ వాడు నవ్వడం లేదు.

అక్టోబరు 1

స్నేహకి అంతా తెలిసిపోయింది. నేను చెప్పలేదు, ఊరు ఊరంతా చెప్పింది. సుగుణమ్మ గారు కూడా ఫోన్ చేశారట. ఇప్పుడు స్నేహకి నిద్ర లేదు. కుడుతున్న జాకెట్టు చేతిలోనే ఉంటుంది, సూది కదలదు.

"ఏ బండీ వద్దండీ" అంది ఇవాళ. "లారీ వద్దు, బస్సూ వద్దు. ఆ రోడ్డు మీదే కదా ఆ బస్సు తిరిగేది? టీకొట్టు పెట్టుకుందాం."

ఎన్నాళ్ల నుంచో నేను వినాలనుకున్న మాట అది. బస్సు వద్దు. నా నోటితో అనలేనిది ఆమే అనేసింది. అలాగేనని ఊరుకుంటే సరిపోయేది.

"రోజూ ఆ రోడ్డు మీద ఎవరో ఒకరు నడపాలి కదా" అన్నాను.

"ఆ ఎవరో మీరే అవ్వాలా?"

"కిళ్లీ అందించుకుంటూ నడిపేవాడు అవ్వాలా మరి?"

అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది. పోట్లాడుకున్నాం. పెద్దగానే. కెజియా డైరీ ఎత్తుకుపోయి ఏదో పేజీలో చేపకి మీసాలు పెట్టేసింది.

అక్టోబరు 3

నాకు భయం పోలేదు. అది రాసుకోవాలి. పోయిందనుకుంటే మళ్లీ అబద్ధమే అవుతుంది. కళ్లు మూసుకుంటే ఆ నీళ్లే, అనిల్ తల ఒక్కటే పైన. అయితే ఒక్కటి. ఆ రోజు నన్ను ఆపింది ఆ భయమే. అనిల్‌కి దారి తెలుసు, భయం లేదు. నీళ్ల కింద దారి నాకు తెలియదు.

ఇది సమర్థించుకోవడమేమో. కావచ్చు.

అక్టోబరు 4

శేషగిరిరావు గారు ఫోన్ చేశారు. "గూడ్స్ అనే రాసేయమంటారా అండీ?" ఇంకా రాయలేదట.

"ఆఖరి రోజు ఎప్పుడండీ?" అన్నాను.

"సోమవారమండి. ఇంట్లో ఆవిడకి జ్వరం తగ్గిందా?"

"అసలు రాలేదండి" అన్నాను.

అటు నుంచి చిన్న దగ్గు వినబడింది. నవ్వుతున్నారనుకుంటాను.

అక్టోబరు 5

స్నేహని అడిగాను. భయపడుతూనే అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"వస్తాను. చివరి సీటులో కూర్చుంటాను. దిగాక వద్దంటే మాత్రం వద్దు. మళ్లీ ఎత్తు సరిపోలేదు, కుక్క అడ్డమొచ్చింది అనకూడదు."

కుక్క సంగతి కూడా ఈమెకి చెప్పేశారన్నమాట శేషగిరిరావు గారు.

"పిల్లని వదిలి రా" అన్నాను.

"ఎందుకండీ?"

చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి వంగాను.

"తీసుకొస్తాను" అంది.

అక్టోబరు 6

రన్‌వే మీద బస్సు ఎక్కాం. మిగతావాళ్ల ఇంట్లోవాళ్లు కూడా వచ్చారు, టిఫిన్ క్యారేజీలతో సహా, ఏదో పిక్నిక్కి వచ్చినట్టు. ఒక్కొక్కళ్లు కొంత దూరం నడిపారు. ద్వారకా తిరుమల వైపు రోడ్డు. తిరుగు ప్రయాణం నా వంతు.

స్టీరింగ్ దగ్గరికి వెళ్తూ స్నేహ ముఖం చూశాను. పెదాలు తెల్లబడ్డాయి. ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. కెజియాని కిటికీకీ తనకీ మధ్యలో ఇరికించుకుంది. అద్దంలో ఆ ఇద్దరే కనబడుతున్నారు, మిగతా బస్సు కనబడటం లేదు. దిగిపోదామనుకున్నాను. నిజం. కడుపునొప్పి అనే మాట నాలుక మీద ఉంది.

శేషగిరిరావు గారు ఇంజిను బానెట్ పక్కన కూర్చుని రోడ్డు వైపే చూస్తున్నారు. ఈ రోజు ఆయన నేర్పరు.

గేరు వేశాను.

ఎక్కడెక్కడ ఏ గుంత ఉందో చెప్పమంటే ఇప్పటికీ చెప్పగలను. మొదటి మలుపులో బస్సు దాదాపు ఆగిపోయింది, వెనక నుంచి లారీవాడు ఒకటే హారను. కొట్టుకో అనుకున్నాను. వాళ్లు ఒరిగారు, కొంచెం. నా వీపుకి తెలిసింది. తెలిసినప్పుడల్లా కాలు తేలిక చేశాను. కెజియా మొదట ఏదో అరుస్తోంది, తరవాత వినబడలేదు. వినబడకపోయేసరికి ప్రాణం పోయినట్టయింది. అద్దంలో చూశాను.

కెజియా కిటికీలోంచి బయటికి చూస్తోంది. స్నేహ తల పక్కకి వాలిపోయి ఉంది. రెండు చేతులూ కడ్డీ వదిలేశాయి, ఒడిలో పడి ఉన్నాయి. నోరు కొద్దిగా తెరుచుకుంది. వారంగా నిద్రలేని మనిషి, పడిపోయినట్టు నిద్రపోతోంది.

అంత భయం నాకు నీళ్లలో కూడా వేయలేదు. మెలకువగా ఉన్నంతసేపూ ఆమె కూడా నాతో పాటు బస్సు నడిపింది. ఇప్పుడు మొత్తం నాకు వదిలేసింది.

రన్‌వే మీదికి వచ్చి బస్సు ఆపాను. అందరూ చప్పుడు చేసుకుంటూ దిగారు. చివరి సీటు దిగలేదు. కెజియా పెదాల మీద వేలు పెట్టుకుని నాకు సైగ చేసింది.

"ఇంజిను ఆపండి వెస్లీ గారూ. డీజిలు అయిపోతోంది" అన్నారు శేషగిరిరావు గారు.

"ఆపితే లేస్తుందండి" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశారు. తరవాత జేబులోంచి పెన్ను తీసి కాగితం మీద ప్యాసింజరు అని రాసుకున్నారు. నన్ను అడగలేదు. కిందికి దిగి, ఎండలో చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నేను సీటులోనే కూర్చున్నాను. ఇంజిను తిరుగుతూనే ఉంది. చాలాసేపటికి స్నేహ కళ్లు తెరిచింది, చుట్టూ ఖాళీ సీట్లు చూసింది, జుట్టు సర్దుకుంది.

"అప్పుడే వచ్చేశామా అండీ?" అంది.

అప్పుడు ఇంజిను ఆపాను.